షాఫ్టు మెలికతో టార్క్ కొలవడం: గుంటూరు కారం మిల్లు ప్రాజెక్టు డైరీ

పని ఇది: 5 హెచ్‌పీ మోటారుతో నడిచే కారం మిల్లులో, మోటారు షాఫ్టు మీద నిజంగా ఎంత టార్క్ (మెలిపెట్టి తిప్పే బలం) పడుతోందో కొలవడం. మిల్లు గుంటూరులో మా బాబాయిది. సీజన్‌లో మోటారు బాగా వేడెక్కుతోంది, 7.5 హెచ్‌పీ వేయించమని మెకానిక్ సలహా. అంత డబ్బు పెట్టేముందు లోడు ఎంతో తెలియాలి. తిరిగే షాఫ్టు మీద టార్క్ చెప్పే రెడీమేడ్ సెన్సర్ కొనాలంటే దాని ధరకి ఇంకో మోటారే వస్తుంది. అందుకని షాఫ్టునే సెన్సర్‌గా వాడాను.

లెక్క ఇంటర్ ఫిజిక్స్, డిప్లొమా చదివినవాళ్లకి తెలిసిందే:

మెలిక = టార్క్ × పొడవు ÷ (జి × జె)
జె = పై × (వ్యాసం నాలుగో ఘాతం) ÷ 32

జె షాఫ్టు లావుని బట్టి వచ్చే అంకె. జి అంటే లోహం దృఢతా గుణకం, అది మెలికకి ఎంత ఎదురుతిరుగుతుందో చెప్పే అంకె. స్టీలుకి పుస్తకాల్లో 77 నుంచి 82 గిగాపాస్కల్ దాకా కనిపిస్తుంది. నేను 79 తీసుకున్నాను. జిని జెతో గుణిస్తే వచ్చేదే టార్షనల్ రిజిడిటీ, అంటే మెలికకి గట్టిదనం. అది తెలిసి, షాఫ్టు ఎంత మెలిపడిందో కొలవగలిగితే టార్క్ చేతికొచ్చినట్టే. కష్టమంతా ఆ రెండు కొలతల్లోనే ఉంది.

దశ 1: పాత షాఫ్టు ఎందుకు పనికిరాలేదు

మిల్లులో ఉన్నది 25 మి.మీ. షాఫ్టు. 5 హెచ్‌పీ, 1440 ఆర్‌పీఎం దగ్గర ఫుల్ లోడు టార్క్ 24.7 న్యూటన్ మీటర్లు. 400 మి.మీ. పొడవు మీద ఆ టార్క్‌కి 25 మి.మీ. షాఫ్టు మెలిపడేది 0.187 డిగ్రీలు. షాఫ్టు సెకనుకి 8640 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి, రెండు చివర్లా ఒక్కో డిస్కు, సెన్సర్ పెట్టి చుట్టుకి ఒక పల్సు తీసుకుంటే, ఈ మెలిక ఆ పల్సుల మధ్య 22 మైక్రోసెకన్ల తేడాగా కనిపిస్తుంది. ఆర్డుయినో యూనో (చిన్న కంట్రోలర్ బోర్డు)లో సమయం చెప్పే మైక్రోస్ ఫంక్షన్ 4 మైక్రోసెకన్ల అంగలతో లెక్కపెడుతుంది. అంటే ఫుల్ లోడు మొత్తాన్నీ ఐదారు మెట్లలో చూడాలి. అది కొలత అనిపించుకోదు.

షాఫ్టు సన్నబడాలి. మెలిక వ్యాసం నాలుగో ఘాతంతో మారుతుంది, ఒత్తిడి మూడో ఘాతంతో మారుతుంది. ఆ తేడాలోనే మనకి వెసులుబాటు.

- 12 మి.మీ.: మెలిక బాగా వస్తుంది. కానీ ఫుల్ లోడు దగ్గర ఒత్తిడి 73 మెగాపాస్కల్. స్టార్టింగ్‌లో రెండున్నర రెట్లు పడుతుందనుకుంటే 182. మామూలు స్టీలు శాశ్వతంగా మెలిపడిపోయే హద్దు దాటినట్టే. వద్దు.
- 16 మి.మీ.: ఫుల్ లోడుకి 31, స్టార్టింగ్‌కి 77 మెగాపాస్కల్. సరిపోతుంది.

అంతా 16 మి.మీ. పెడితే బేరింగ్ సమస్య. స్టాండుతో వచ్చే యూసీపీ 202 బేరింగ్ బోరు (లోపలి రంధ్రం) 15, యూసీపీ 203 బోరు 17. అందుకని 20 మి.మీ. బ్రైట్ బార్ (నునుపైన స్టీలు కడ్డీ) తీసుకుని, చివర్లు 20 మి.మీ.గానే ఉంచి (యూసీపీ 204 సరిగ్గా కూర్చుంటుంది), నడుమ 400 మి.మీ. మాత్రం 16కి దించాలని డ్రాయింగ్ గీశాను.

విజయవాడ ఆటోనగర్‌లో లేతు పని చేయించాను. ఎంఎస్ (మామూలు మైల్డ్ స్టీలు) వద్దు, ఈఎన్8 (అంతకంటే గట్టి కార్బన్ స్టీలు) తీసుకోమన్నాడు టర్నర్. "గట్టి సరుకండీ, అంత తేలిగ్గా మెలితిరగదు" అన్నాడు. ఇందులో సగమే నిజం. ఈఎన్8 ఎక్కువ టార్క్‌కి తట్టుకుంటుంది, ఆ కారణంగానే తీసుకున్నాను. కానీ తట్టుకునే హద్దులోపల రెండూ ఒకేలా మెలిపడతాయి, ఎందుకంటే జి విలువ దాదాపు అన్ని స్టీళ్లకీ ఒకటే. ఖరీదైన స్టీలు వేసినా, టెంపరింగ్ చేయించినా మెలిక తగ్గదు. చాలామంది ఇక్కడే తప్పు లెక్క వేసుకుంటారు.

ఖర్చు: బార్ 260, లేతు పని 600. మొత్తం 860 రూపాయలు.

దశ 2: నడుము లావైన షాఫ్టు

జాబ్ (లేతు మీద తిప్పిన షాఫ్టు) చేతికొచ్చాక వెర్నియర్ పెడితే ఒక చివర 16 కరెక్టుగా ఉంది. అక్కడితో ఆగకుండా నడుమ భాగమంతా మైక్రోమీటర్‌తో చూశాను. 400 మి.మీ.ని 80 చొప్పున ఐదు ముక్కలుగా గుర్తు పెట్టుకుని, ఒక్కో ముక్క మధ్యలో రెండు అడ్డాలుగా కొలిచి సగటు తీశాను:

1. 16.02
2. 16.09
3. 16.13
4. 16.10
5. 16.03

నడుమ లావు, చివర్లు సన్నం. స్టెడీ (జాబ్‌ని మధ్యలో పట్టి ఉంచే ఆసరా) పెట్టకుండా పొడవాటి సన్నటి జాబ్ తిప్పితే ఇలాగే వస్తుంది. రెండు చివర్లా సెంటర్లు పట్టుకుని ఉంటాయి, మధ్యలో టూలు నొక్కుడుకి జాబ్ వెనక్కి వంగుతుంది, అక్కడ కోత తగ్గుతుంది. పదమూడు పాయింట్ల (0.13 మి.మీ.) తేడా చూడ్డానికి చిన్నదే. కానీ నాలుగో ఘాతం దాన్ని నాలుగింతలు చేస్తుంది: వ్యాసంలో 1 శాతం తేడా ఉంటే టార్క్‌లో 4 శాతం వస్తుంది.

మళ్లీ కోయించాల్సిన అవసరం లేదు. షాఫ్టు సమానంగా ఉండాలన్న నియమం ఏమీ లేదు, ఎంత అసమానంగా ఉందో తెలిస్తే చాలు. చేయాల్సింది:

1. ప్రతి ముక్క పొడవుని దాని వ్యాసం నాలుగో ఘాతంతో భాగించాలి.
2. అన్నిటినీ కూడాలి. వ్యాసాల సగటు తీసి ఒకేసారి వేయకూడదు.
3. డిస్కులు బిగించే చోటు దాకా రెండువైపులా ఉన్న 20 మి.మీ. లావు ముక్కల్ని కూడా కలపాలి. నాకు అటు 20, ఇటు 20.
4. జి × పై ÷ 32ని ఆ మొత్తంతో భాగించాలి.

నాకు వచ్చింది: సన్న భాగం 0.005992, లావు ముక్కలు 0.000250, కలిపి 0.006242. షాఫ్టు గట్టిదనం రేడియన్‌కి 1242 న్యూటన్ మీటర్లు.

ఇంకొక మార్పు. మొదటి కోతలో 20 నుంచి 16కి దిగేచోట షోల్డర్ మూల కత్తిలా ఉంది. రోజూ స్టార్టింగ్ దెబ్బలు తినే షాఫ్టుకి పగులు మొదలయ్యేది అక్కడే. వెనక్కి తీసుకెళ్లి ఆ మూలకి 3 మి.మీ. రేడియస్ పెట్టించి గుండ్రంగా చేయించాను. దానికి డబ్బు తీసుకోలేదు. కాపీ చేసేవాళ్లు డ్రాయింగ్‌లోనే రాసివ్వండి: "రేడియస్ 3, స్టెడీ వాడాలి."

మొత్తం: 860.

దశ 3: తూకం రాళ్లతో క్యాలిబ్రేషన్

కాగితం మీద 1242 వచ్చింది. కానీ అందులో జి పుస్తకంలోది, పొడవు డిస్కు బిగింపు మధ్య నుంచి మధ్యకి అనుకున్నది. ఈ రెండిట్లో ఏది కొంచెం అటూ ఇటూ అయినా నాకు తెలిసే దారి లేదు. తెలిసిన టార్క్ వేసి మెలికని చూడటమే ఖాయమైన మార్గం.

అమరిక: షాఫ్టు ఒక చివర కీ (షాఫ్టు గాడిలో కూర్చునే ఇనుప ముక్క)తో బిగించిన హబ్‌ని ఇనుప బల్లకి క్లాంపు చేశాను. రెండో చివర బేరింగ్ దాటాక 500 మి.మీ. లివర్. దానికి తూనికలు కొలతలు శాఖ ముద్ర ఉన్న కిరాణా రాళ్లు, 1 కేజీ నుంచి 5 దాకా. మన అక్షాంశంలో గురుత్వం 9.78 దగ్గర ఉంటుంది కాబట్టి కేజీకి 4.89 న్యూటన్ మీటర్లు. లివర్ బరువు లెక్కలోకి రాదు, ఎందుకంటే లివర్, కొక్కెం తగిలించాకే సున్నా గుర్తు పెడతాం.

మెలికని చూడ్డానికి లేజర్ పాయింటరు, చిన్న అద్దం ముక్క, 3 మీటర్ల దూరంలో గోడకి గ్రాఫు కాగితం. అద్దం కొంచెం తిరిగితే కిరణం దానికి రెట్టింపు తిరుగుతుంది. లెక్క ప్రకారం కేజీకి 23.6 మి.మీ. చుక్క జరగాలి.

జరిగింది 27 దాకా. పైగా రాయి తీసేస్తే చుక్క సున్నాకి తిరిగిరాలేదు. కారణాలు రెండు, వాటిని విడదీసి చూడాల్సి వచ్చింది.

మొదటిది, బిగించామనుకున్న చివర బిగిసి లేదు. కీకి, గాడికి మధ్య సందు ఉంది. బల్ల కూడా కొద్దిగా లొంగుతోంది. ఎంత బిగించినా పూర్తిగా పోదు. మందు ఏమిటంటే అక్కడ కూడా ఒక అద్దం, ఇంకో లేజర్ పెట్టి, రెండు చుక్కల తేడా మాత్రమే తీసుకోవడం. మెలికని ఎప్పుడూ షాఫ్టు మీదే రెండు చోట్ల కొలవాలి. ఈ డైరీలో ఒక్క వాక్యమే గుర్తుపెట్టుకుంటానంటే ఆ వాక్యం ఇదే.

రెండోది, కొత్త యూసీపీ బేరింగ్‌లో సీలు, గ్రీజు పట్టు. రాళ్లు ఎక్కించేటప్పుడు, దించేటప్పుడు ఒకే బరువుకి ఒకటి రెండు మి.మీ. తేడా. ప్రతి రీడింగ్‌కి ముందు బేరింగ్ హౌసింగ్ మీద చెక్క సుత్తితో మెల్లగా తట్టితే చుక్క చిన్నగా వణికి తన చోటికి వచ్చి ఆగుతుంది. అప్పుడు రాసుకోవాలి.

ఆ రెండూ సరిచేశాక (లివర్ వైపు, బిగింపు వైపు, తేడా, మి.మీ.లో):

1 కేజీ: 28.5, 4.5, 24.0
2 కేజీలు: 55.0, 7.5, 47.5
3 కేజీలు: 82.0, 10.0, 72.0
4 కేజీలు: 108.0, 12.5, 95.5
5 కేజీలు: 134.5, 15.0, 119.5

తేడా గీత వాలు కేజీకి 23.9 మి.మీ. దాన్నుంచి గట్టిదనం రేడియన్‌కి 1228, అంటే డిగ్రీకి 21.43 న్యూటన్ మీటర్లు. కాగితం లెక్క కంటే 1.2 శాతం తక్కువ. జి 79 బదులు 78 వేస్తే దాదాపు ఇదే వస్తుంది. బిగింపు అనుకున్న చోట కాకుండా కాస్త బయటికి పట్టినా ఇలాగే వస్తుంది. రెండిట్లో ఏదో తేల్చాల్సిన పనిలేదు. ఇకమీదట వాడేది 1228 మాత్రమే. కాగితం లెక్క ఎందుకంటే, రాళ్లతో వచ్చిన అంకె దానికి నాలుగైదు శాతం లోపల లేకపోతే అమరికలో ఎక్కడో లోపం ఉందని తెలియడానికి. ఒక్క అద్దంతో ఆగిపోయి ఉంటే 1091 వచ్చేది, 11 శాతం తేడా.

ఈ పద్ధతి పాతదే. మెలి పెట్టిన తీగ ఎదురుతిరగడం వ్యాసం నాలుగో ఘాతాన్ని బట్టి ఉంటుందని కూలుంబ్ 1784లోనే ప్రయోగాలతో చూపించాడు. తర్వాత ఆవిరి టర్బైన్ ఓడలు వచ్చినప్పుడు, పిస్టన్ ఇంజన్లకి వాడే ఇండికేటర్ (సిలిండర్ లోపలి ఒత్తిడి చూపేది) పనిచేయక, ప్రొపెల్లర్ షాఫ్టు మెలికని కొలిచే హార్స్‌పవర్ లెక్కగట్టారు. అంత పెద్ద ఓడకీ, మన కారం మిల్లుకీ సూత్రం ఒక్కటే కావడం నాకు చాలా నచ్చిన సంగతి.

ఖర్చు: యూసీపీ 204 రెండు 700, లివరూ వెల్డింగూ 300, లేజర్లూ అద్దాలూ 200. మొత్తం 2060.

దశ 4: తిరిగేటప్పుడు కొలవడం

షాఫ్టుకి రెండు అల్యూమినియం డిస్కులు బిగించాను, క్యాలిబ్రేషన్‌లో అద్దాలు ఉన్న చోటే. మొదట ఒక్కో డిస్కుకి ఒక సందు, దాన్ని వెలుతురుతో పసిగట్టే ఒక ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) సెన్సర్. వర్క్‌షాపులో చక్కగా పనిచేసింది. మిల్లులో పెట్టాక, ఒకే రకం మిర్చి కాయ వేసినా, కాయ పడే గేటు ఒకేలా ఉన్నా టార్క్ మెల్లగా పెరుగుతూ పోయింది. సెన్సర్ తీసి చూస్తే గాజు మీద సన్నటి ఎర్రటి పొర, వేలితో తుడిస్తే గీత పడేంత. వెలుతురు తగ్గేకొద్దీ సెన్సర్ ఆలస్యంగా మేలుకుంటోంది, ఆ ఆలస్యమే మెలికలా కనిపిస్తోంది. బ్రష్షుతో తుడిస్తే అంకె వెనక్కి వచ్చేసింది. కవరు వేసి చూశాను, గాలిలో తేలే కారానికి ఏ కవరూ అడ్డం కాదు. మిర్చి, పిండి, సిమెంటు ఉన్నచోట ఐఆర్ వద్దు.

అయస్కాంతాన్ని పసిగట్టే హాల్ సెన్సర్లకి మార్చాను. డిస్కు అంచున 60 మి.మీ. రేడియస్ మీద ఒక చిన్న అయస్కాంతం. దుమ్ముతో దానికి పనిలేదు.

వైరింగ్‌లో ఒక ఉపాయం. యూనోలో టైమర్ 1కి పల్సు వచ్చిన క్షణాన్ని పట్టుకునే ఇన్‌పుట్ ఒక్కటే ఉంది, 8వ పిన్. హాల్ సెన్సర్లు ఓపెన్ కలెక్టర్ రకం (లైనుని కిందికి లాగడమే తప్ప పైకి నెట్టవు, ఒకదానికొకటి అడ్డం రావు) కాబట్టి రెండిటి అవుట్‌పుట్లూ ఒకే పుల్-అప్ రెసిస్టర్‌తో అదే పిన్‌కి కలిపాను. రెండు డిస్కుల అయస్కాంతాల మధ్య కావాలనే 40 డిగ్రీల ఎడం పెట్టాను. అప్పుడు:

1. చిన్న ఎడం: మోటారు వైపు పల్సు నుంచి మిల్లు వైపు పల్సు దాకా.
2. పెద్ద ఎడం: అక్కడి నుంచి మళ్లీ మొదటిదాని దాకా.
3. కోణం = 360 × చిన్న ఎడం ÷ (రెండిటి మొత్తం).
4. దీన్లోంచి సున్నా కోణం తీసేస్తే మెలిక.

భాగహారం వల్ల స్పీడు దానంతటదే కొట్టుకుపోతుంది. టైమర్ అంగ అర మైక్రోసెకను, అంటే 0.09 న్యూటన్ మీటర్. మైక్రోస్ ఫంక్షన్‌తో అయితే 0.74 వచ్చేది. ఒక చుట్టులో మోటారు కొద్దిగా ఊగుతుంది కాబట్టి యాభై చుట్ల సగటు తీస్తున్నాను, సుమారు రెండు సెకన్లు.

ఖర్చు: డిస్కులు 500, యూనో 450, ఐఆర్ సెన్సర్లు 120 (వృథా), హాల్ సెన్సర్లూ అయస్కాంతాలూ 180. మొత్తం 3310.

దశ 5: బెల్టు లాగుడు

మోటారు, లవ్‌జాయ్ కప్లింగ్ (రెండు షాఫ్టుల్ని కలిపేది), మన షాఫ్టు, చివర పుల్లీ, అక్కడి నుంచి వీ బెల్టు మిల్లుకి. బెల్టు టెన్షన్ మార్చిన ప్రతిసారీ టార్క్ మారింది. నిజానికి బెల్టు బిగిస్తే టార్క్ అంత పెరగకూడదు.

పుల్లీ బేరింగ్ బయట వేలాడుతోంది. బెల్టు లాగితే షాఫ్టు వంగి, ఆ వైపు డిస్కు పక్కకి జరుగుతోంది. ఫుల్ లోడు మెలిక 60 మి.మీ. రేడియస్ దగ్గర 1.2 మి.మీ. మాత్రమే. కాబట్టి డిస్కు సెన్సర్ ముందు పది పాయింట్లు (0.1 మి.మీ.) పక్కకి జరిగినా 8 శాతం తప్పు. రెండు మార్పులు చేశాను:

1. పుల్లీకి అవతల మూడో యూసీపీ. ఇక పుల్లీ వేలాడదు.
2. రెండు సెన్సర్లనీ బెల్టు లాగే దిక్కుకే మార్చాను. అప్పుడు మిగిలిన జరుగుడు సెన్సర్‌కి ఎదురుగానే ఉంటుంది, పక్కకి కాదు. సందు కొద్దిగా మారుతుందంతే, పల్సు సమయం మారదు.

రెండోదానికి ఖర్చు సున్నా, ఫలితం మొదటిదానికంటే ఎక్కువ. ఆ తర్వాత బెల్టు ఎంత బిగించినా ఖాళీ రీడింగ్‌లో మార్పు అర న్యూటన్ మీటర్ లోపలే ఉంది.

సున్నా కోణం తీసేటప్పుడు బెల్టు పూర్తిగా తీసేసి షాఫ్టుని మాత్రమే తిప్పాలి. ఖాళీ మిల్లుని సున్నా అనుకుంటే మిల్లు బేరింగ్ల లోడు, బ్లేడ్లకి గాలి వేసే లోడు లెక్కలోంచి మాయమవుతాయి. పైగా మిల్లు నడిచే స్పీడులోనే తీయాలి. సెన్సర్లు రెండూ ఒకే వేగంతో స్పందించవు, ఆ తేడా స్పీడుని బట్టి మారుతుంది.

ఖర్చు: మూడో యూసీపీ 350, కప్లింగ్ 400. మొత్తం 4060 రూపాయలు. పుల్లీ పాత సామాన్లలోది.

దశ 6: రీడింగులు

సున్నా కోణం (బెల్టు తీసి): 40.31 డిగ్రీలు.

- ఖాళీ మిల్లు: 40.49. మెలిక 0.18, టార్క్ 3.9.
- బాగా ఎండిన తేజ కాయ, గేటు సగం: 41.11. మెలిక 0.80, టార్క్ 17.1. స్పీడు 1460, అంటే 2.62 కిలోవాట్లు, మూడున్నర హెచ్‌పీ.
- తేమ ఉన్న కాయ, అదే గేటు: 41.60. మెలిక 1.29, టార్క్ 27.6. స్పీడు 1430, అంటే 4.1 కిలోవాట్లు, ఐదున్నర హెచ్‌పీ.
- తేమ కాయలో ఒక్కో చుట్టు విడిగా చూస్తే అప్పుడప్పుడూ 40 న్యూటన్ మీటర్ల దాకా.

ఈ అంకెల్ని ఇంకో దారిలో సరిచూడాలి. కరెంటు మీటరు మీద ఎర్ర లైటు యూనిట్‌కి 800 సార్లు వెలుగుతుంది. ఎండు కాయ నడిచేటప్పుడు, మిగతా స్విచ్‌లన్నీ ఆపి లెక్కపెడితే నిమిషానికి 41. అంటే మోటారు తీసుకుంటున్నది 3.07 కిలోవాట్లు, షాఫ్టుకి ఇస్తున్నది 2.62. సామర్థ్యం 85 శాతం. 5 హెచ్‌పీ మోటారుకి ఉండాల్సిన చోటే ఉంది. షాఫ్టు లెక్క పది శాతం తప్పయి ఉంటే ఇక్కడ 77 గానీ 94 గానీ వచ్చి పట్టుబడేది.

బాబాయికి అంకెలు చూపించాను. "అయితే మోటారు తప్పేం లేదంటావా అబ్బాయ్, కాయదే తప్పా?" అన్నాడు. అవును బాబాయ్, ఎండు కాయకి ఈ మోటారులో ఇంకా ముప్పై శాతం మిగులు ఉంది, తేమ కాయ వేస్తేనే హద్దు దాటుతోంది అన్నాను. కొత్త మోటారు మాట ఆగింది. తేమ కాయ వచ్చినప్పుడు కళ్లంలో ఇంకో పూట ఆరబోయడం, తప్పనిసరైతే గేటు పావు వంతే తీయడం మొదలుపెట్టారు. గేటు పావు వంతుకి తేమ కాయతో టార్క్ 19 దగ్గర నిలబడింది, మోటారు చెయ్యి పెట్టగలిగేంత వేడిలోనే ఉంటోంది.

దశ 7: షాఫ్టు మళ్లీ తూకం మీదికి

మిల్లులో పనిచేశాక షాఫ్టు విప్పి, మళ్లీ అవే రాళ్లు, అవే అద్దాలు. 5 కేజీలకి చుక్కల తేడా 119.5 నుంచి 120కి మారింది, చదివే పొరపాటు హద్దులోపలే. రాళ్లు తీసేస్తే సున్నాకి తిరిగొచ్చింది, శాశ్వత మెలిక లేదు. షోల్డర్ రేడియస్ దగ్గర డై పెనెట్రెంట్ (పగుళ్లు బయటపెట్టే రంగు ద్రవం) కొట్టి చూశాను, పగులు ఏమీ కనిపించలేదు. ఇంకో మిల్లుకి పంపేముందు మార్చాల్సింది ఒక్కటే: డిస్కుల హబ్‌లకి ఇప్పుడున్న ఒక్క గ్రబ్ స్క్రూ బదులు చీలిక పెట్టిన క్లాంపు హబ్. గ్రబ్ స్క్రూ షాఫ్టు మీద వేసిన గుంట పక్కకి కొద్దిగా సాగి ఉంది. అది ఇంకాస్త జరిగితే సున్నా కోణం మారిపోతుంది, దాన్ని మళ్లీ తీయాలి.